తెల్లని కంచరగాడిద

దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి తెల్లని కంచరగాడిద కొన్నది కాదు, కానుకగా వచ్చినది. ఈజిప్టు పాలకుడు ముఖౌఖిస్ పంపాడని కొన్ని ఉల్లేఖనాల్లో, జుజామ్ తెగవాడైన ఫర్వా ఇచ్చాడని మరికొన్నింటిలో చదువుతాం.

కొండదారిలో కంచర నిలకడగా నడుస్తుంది. పరుగులో మాత్రం గుర్రానికి సాటిరాదు. శత్రువు నుంచి తప్పించుకోవడానికి పనికొచ్చే వాహనం కాదని మనకు తెలిసిందే. హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో హునైన్ లోయకు ఆయన దాని మీదే వెళ్లారు. బాణాల వర్షానికి సైన్యం చెదిరిపోయింది. ఆయన మాత్రం కంచరను శత్రువు వైపుకే అదిలించారు. పినతండ్రి అబ్బాస్ (రజి) కళ్లెం పట్టి దాని వేగాన్ని ఆపుతుంటే, పెదతండ్రి కుమారుడు అబూ సుఫ్యాన్ బిన్ హారిస్ (రజి) రికాబు పట్టుకున్నారు. (మక్కా నాయకుడు అబూ సుఫ్యాన్ వేరు.) అబ్బాస్ (రజి) గొంతెత్తి పిలవగా సహాబాలు వెనుదిరిగి వచ్చారు.

హిజ్రీ 11లో వఫాత్ అయ్యేనాటికి ఆయన దిర్హమ్ గానీ, దీనార్ గానీ మిగల్చలేదు. మిగిలినవి ఆ తెల్లని కంచర, ఆయుధాలు, దానంగా ఇచ్చేసిన కాస్త భూమి.