డోర్నకల్ అజరయ్య: మనుషుల్ని గుర్తుపట్టిన బిషప్

విజయవాడ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్ళినవాళ్ళకి డోర్నకల్ అంటే ఒక జంక్షన్. భద్రాచలం రోడ్ వైపు లైన్ అక్కడే చీలుతుంది. టీ తాగి మళ్ళీ రైలెక్కడమే తప్ప ఆ ఊరి గురించి మనకి పెద్దగా తెలీదు. కానీ వందేళ్ళ కిందట ఇంగ్లాండ్‌లోనూ అమెరికాలోనూ చర్చి పెద్దలకి ఈ ఊరి పేరు బాగా తెలుసు. దానికి కారణం ఒక తమిళాయన. తెలుగు ఆయన మాతృభాష కాదు, పెద్దయ్యాక నేర్చుకున్నారు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. విజయవాడలో ఆయన పేరు మీద స్కూల్ కూడా ఉంది.

ఆయన్ని మొదటి భారతీయ బిషప్ అని చెప్పి వదిలేస్తే అది క్విజ్ ప్రశ్నకి సరిపోతుంది. నాకు ఆసక్తి కలిగించింది వేరే విషయం. బిషప్ అయిన తర్వాత ఆయన తన టైమంతా ఎవరి మీద పెట్టారు అన్నది.

డిగ్రీ లేని మ్యాథ్స్ స్టూడెంట్

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్ళాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి చర్చి పాస్టర్. వాళ్ళది నాడార్ కుటుంబం. తాటిచెట్లెక్కి కల్లు గీసే కులమని ఒకప్పుడు ఆ సమాజాన్ని గుళ్ళలోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. అజరయ్యకి పదిహేనేళ్ళప్పుడు తండ్రి చనిపోయారు. తల్లి ఎలెన్ పట్టుదలతో చదివించింది.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చేరి మ్యాథ్స్ చదివారు. పరీక్షల టైమ్‌లో జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు, మళ్ళీ రాయనూ లేదు. సర్టిఫికెట్ లేకుండానే 1895లో వై.ఎం.సి.ఎ.లో సెక్రటరీగా చేరి, ఆ తర్వాత దక్షిణాది అంతా తిరుగుతూ కుర్రాళ్ళ మధ్య పని చేశారు. చాలా ఏళ్ళ తర్వాత, 1920లో, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌ని పెళ్ళి చేసుకున్నారు. కట్నం వద్దన్నారు, ఆర్భాటం లేకుండా చేసుకున్నారు. అన్బు కాలేజీలో చదువుకున్న అమ్మాయి. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అలాంటి ఆడవాళ్ళు చాలా తక్కువ. ఈ కథలో ఆమెకీ పెద్ద భాగమే ఉంది, ముందు చెప్తాను.

1902లో ఆయన యాళ్పాణం, అంటే ఇప్పటి జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషుల్నే వేరే ప్రాంతాలకి పంపిస్తున్నారు. మన దగ్గర మాత్రం డబ్బు, మనుషులు, నిర్ణయాలు అన్నీ ఇంగ్లాండ్ నుంచో అమెరికా నుంచో రావాలి. ఇది ఆయన్ని గట్టిగా కుదిపింది. తిరిగొచ్చాక 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బు మనదే, మనుషులు మనవాళ్ళే, నడిపేదీ మనవాళ్ళే. 1905 డిసెంబర్ 25న బెంగాల్‌లోని సేరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని వెనక కూడా ఆయన ఉన్నారు.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న ప్రాంతమే డోర్నకల్. అప్పుడది నిజాం రాజ్యంలో ఉండేది. ఇంకొకళ్ళని పంపిస్తూ తను ఆఫీసులో కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలేసి, పాస్టర్‌గా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. ముప్పై ఐదేళ్ళ వయసులో అక్షరాలు దిద్ది తెలుగు నేర్చుకున్నారు. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగులో వ్యాసం రాయడానికి తంటాలు పడే నాలాంటి వాళ్ళకి ఇది కాస్త ధైర్యం ఇచ్చే విషయం.

ఎడిన్‌బరోలో అడిగిన మాట

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది వచ్చారు. అందులో ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. అజరయ్య వాళ్ళలో ఒకరు. విదేశీ మిషనరీలకీ స్థానిక పనివాళ్ళకీ మధ్య సంబంధం గురించి మాట్లాడమన్నారు. ఆయన మొహమాటపడలేదు. మీరు మా కోసం త్యాగాలు చేశారు, నిజమే. కానీ మమ్మల్ని జీతగాళ్ళలా చూస్తున్నారు, మీ భోజనాల బల్ల దగ్గర మాకు చోటుండదు, మాకు కావాల్సింది స్నేహం అన్నది ఆ ప్రసంగం సారాంశం. హాల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. ఇప్పుడు మాత్రం ఆ మహాసభ గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ ఆ ప్రసంగం ఉంటుంది.

ఆ స్నేహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ 1896లో ఇండియా వచ్చినప్పటి నుంచీ ఆయనకి జిగిరీ దోస్తు.

ఒక బిషప్ తీసుకున్న రిస్క్

అప్పటికి మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్. తెలుగు పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాలు పెద్ద ఎత్తున చర్చిలోకి వస్తున్న కాలం అది. ఆ పల్లెల్ని మద్రాసులో కూర్చున్న ఇంగ్లీష్ బిషప్ చూసుకోలేడని, దానికి ఒక భారతీయుడే కావాలని వైట్‌హెడ్‌కి అర్థమైంది. ఆయన అజరయ్యని ఎంచుకున్నారు.

వెంటనే గొడవ మొదలైంది. తెల్ల మిషనరీలు ఒక భారతీయుడి కింద ఎలా పనిచేస్తారని కొందరు అడిగారు. తిరునెల్వేలి వైపు నుంచి కూడా కొందరు క్రైస్తవులే అభ్యంతరం చెప్పారు, అందులో కులం కూడా ఒక కారణం. వైట్‌హెడ్ వెనక్కి తగ్గలేదు. కానీ ఒక జాగ్రత్త పడ్డారు. ముందు డోర్నకల్ చుట్టూ చిన్న డయాసిస్ మాత్రమే ఇచ్చారు. ఎక్కువమంది తెల్లవాళ్ళు పనిచేసే ప్రాంతాలు అందులో లేవు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. వయసు 38. 1920ల్లో ఆ చిన్న డయాసిస్‌కి కృష్ణా వైపు, కర్నూలు, కడప వైపు ప్రాంతాలు కూడా కలిపారు. అప్పటి నుంచి ఇంగ్లీష్ మిషనరీలు కూడా ఆయన కిందే పనిచేశారు. భయపడినట్టు ఆకాశమేమీ విరిగి పడలేదు.

పల్లె అయ్యగార్లు ఎలా తయారయ్యారు

నాకు ఈ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. తనని ఒకరు గుర్తుపట్టి పైకి తెచ్చారు కదా, ఆయన తిరిగి ఎవర్ని గుర్తుపట్టారు?

తనలా కాలేజీ చదివి ఇంగ్లీష్ మాట్లాడే నలుగురైదుగురిని వెతికి తన చుట్టూ పెట్టుకోవచ్చు. అది ఈజీ. ఆయన చూపు పల్లెల మీద పడింది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఒక తరం ముందు వరకు బడి గడప తొక్కనివ్వని కుటుంబాల పిల్లలు, ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని మనుషులు. వాళ్ళకి వాళ్ళలోంచే పాస్టర్లు రావాలన్నది ఆయన పట్టుదల.

దానికి ఒక మెట్ల వరస ఉండేది. మొదటి మెట్టు పల్లె టీచర్. భార్యాభర్తలు ఇద్దరూ ఆ పల్లెలోనే కాపురం పెట్టాలి. పగలంతా జనం పొలాల్లో కూలికి పోతారు కాబట్టి పెద్దవాళ్ళకి చదువూ ప్రార్థనా రాత్రిపూటే. చదవడం రానివాళ్ళకి పాటలతో, నాటకాలతో చెప్పేవాళ్ళు. అలా పనిచేసినవాళ్ళలోంచి కొందరిని ఎంచి డోర్నకల్‌లో చదివించేవాళ్ళు. ఆ చదువు తెలుగులోనే. ఆ తర్వాత అభిషేకం. అయ్యగారు అయ్యాక కూడా మళ్ళీ పల్లెకే పోవాలి.

అంటే ఇంటర్వ్యూ, మార్కులు, ఇంగ్లీషు ఇవేవీ కొలతలు కావు. ఆ మనిషిని ఆ పల్లె ఇన్నేళ్ళుగా చూసింది, అదే కొలత.

అన్బు పని ఇక్కడ కనిపిస్తుంది. చదువుకోవడానికి వచ్చినవాళ్ళ భార్యలకి కూడా చదువు చెప్పాలన్నది ఇద్దరి నమ్మకం. రాయడం, చదవడం, శుభ్రత, పిల్లల పెంపకం, పల్లె ఆడవాళ్ళతో ఎలా పనిచేయాలి, ఇవన్నీ నేర్పేవాళ్ళు. పల్లెలో అమ్మగారికి చదువొస్తే ఆ వీధిలో ఆడపిల్లలకి కూడా చదువు మీద ఆశ పుడుతుంది.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి. కూలి జనం ఏమిస్తారులే అని ఆయన అనుకోలేదు. అన్నం వండే ముందు ఆడవాళ్ళు పిడికెడు బియ్యం పక్కన పెట్టి చర్చికి తెచ్చేవాళ్ళు. ఇచ్చేవాడికే అడిగే హక్కు ఉంటుందని ఆయన లెక్క. ఏటా ఒక వారం మామూలు సభ్యులంతా పక్క ఊళ్ళకి వెళ్ళి తమ విశ్వాసం గురించి తామే చెప్పాలి, పాస్టర్ మీద వదిలేయకూడదు.

ఇది నున్నగా జరగలేదు. మాలలకీ మాదిగలకీ మధ్య పడేది కాదు, చర్చిలో కూడా. ఒకే గిన్నెలోంచి తాగడం దగ్గర గొడవలొచ్చేవి. ఆయన కులాన్ని చర్చిలోకి రానివ్వనని మొండిగా ఉండేవారు, తాగుడు విషయంలో ఇంకా మొండి. చేతిలో అధికారం గట్టిగా పట్టుకునే మనిషి అని కూడా ఆయన మీద మాట ఉంది.

అయినా లెక్క చూడండి. 1912లో ఈ తెలుగు ప్రాంతాల్లో దాదాపు 57 వేలు ఉన్న ఆంగ్లికన్ క్రైస్తవులు 1941 నాటికి రెండు లక్షల పాతిక వేలు అయ్యారు. 1930ల మధ్యకి దాదాపు 250 మంది భారతీయ పాస్టర్లు, రెండు వేల పైగా పల్లె టీచర్లు ఉన్నారు. 1939 జనవరి 6న ప్రారంభమైన డోర్నకల్ కెథెడ్రల్ చూస్తే దూరం నుంచి అది చర్చి అని చెప్పలేం. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన కట్టడం.

గాంధీతో ఆయనకి తేడా వచ్చింది కూడా ఈ పల్లెల గురించే. 1930ల్లో గాంధీగారికి ఈ సామూహిక మత మార్పిడుల మీద చాలా అభ్యంతరాలుండేవి. ఆ పేదలు మతం గురించి ఆలోచించి మారడం లేదని ఆయన అభిప్రాయం. అజరయ్య వాదన దానికి ఎదురు. ఈ మనుషులకీ ఆలోచన ఉంది, తమకేం కావాలో ఎంచుకునే హక్కూ ఉంది అని. ఎవరు రైటు అన్నది మీరే ఆలోచించుకోండి. కానీ ఈ వాదనా, ఆ పాస్టర్ల ట్రైనింగూ ఒకే నమ్మకంలోంచి వచ్చాయని మాత్రం తెలుస్తుంది.

మా మైదుకూరు రెండు దార్ల మధ్య

మాది మైదుకూరు. డోర్నకల్‌కి సరళరేఖ గీసినా మూడొందల కిలోమీటర్ల పైనే. అయినా ఈ కథ మా దాకా వస్తుంది. మా వైపు చర్చిలు రెండు దార్ల నుంచి వచ్చాయి. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్. నంద్యాల రోడ్డులో చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడు, ఇంకా నంద్యాల, ఇటు కలసపాడు, ఇవన్నీ ఎస్.పి.జి. మిషన్. ఈ రెండోవైపు ఊళ్ళు అజరయ్య డయాసిస్‌లోకి వచ్చాయి. రెండు మిషన్లూ ఇంగ్లాండ్‌వే, కానీ పద్ధతులు వేరు, పెద్దలు వేరు. ఇంగ్లాండ్‌లో ఎప్పుడో పడిన తగాదాలు రాయలసీమ పల్లెలో మనుషుల్ని ఎందుకు విడదీయాలి అన్నది అజరయ్య ప్రశ్న. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది కూర్చుని చర్చిల ఐక్యత గురించి మాట్లాడితే వాళ్ళని కూడగట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు.

ఆ పని పూర్తవడం ఆయన చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. తమాషా ఏంటంటే నంద్యాల వైపు చాలామంది అందులో చేరలేదు. 1975లో గానీ కలవలేదు.

ఆయన తర్వాత ఎవరు

ఇంకో చేదు నిజం ఉంది. 1912 నుంచి 1945 వరకు, అంటే 32 ఏళ్ళు, ఇండియాలో ఆంగ్లికన్ డయాసిస్‌ని సొంతంగా నడిపిన భారతీయ బిషప్ అజరయ్య ఒక్కరే. ఒకరిద్దరు అసిస్టెంట్ బిషప్‌లు అయ్యారంతే. ఆయన పోయాక డోర్నకల్‌కి వచ్చింది కూడా ఎ.బి. ఇలియట్ అనే ఇంగ్లీష్ ఆయన.

పల్లెల్లో వందల మందిని తయారు చేసిన మనిషి కుర్చీలో ఇంకో భారతీయుడు ఎందుకు కూర్చోలేదు? పైనున్నవాళ్ళు మొదటివాడిని ఒప్పుకుని, మార్పు అయిపోయిందనుకున్నారని నాకనిపిస్తుంది. ఒకరిని పైకి ఎక్కించి ఫొటో తీసుకోవడం వేరు, తర్వాతి పదిమంది కోసం మెట్లు కట్టడం వేరు. అజరయ్య కింద నుంచి మెట్లు కట్టుకుంటూ వచ్చారు. పైవాళ్ళు ఆ మెట్లని తమ గది దాకా రానివ్వడానికి ఆలస్యం చేశారు. కానీ కింద కట్టినవి పోలేదు. 1947 తర్వాత ఈ పల్లెల్లో చర్చిల్ని మోసింది ఆ అయ్యగార్లూ, ఆ టీచర్లూ, వాళ్ళ పిల్లలే.

మన క్లబ్బుల్లోనూ ఏటా ఇదే టైమ్‌లో ఒక ప్రశ్న వస్తుంది, ఫైనల్ ఇయర్ వాళ్ళు వెళ్ళిపోతే ఎవరు చూసుకుంటారని. మనం సాధారణంగా స్టేజీ మీద గలగలా మాట్లాడేవాళ్ళని ఎంచుకుంటాం, అంటే మనలాంటివాళ్ళనే. వెనక బెంచీలో కూర్చుని, కుర్చీలు సర్ది, ఎవరూ అడక్కుండానే పోస్టర్ ప్రూఫ్ చూసే జూనియర్ పేరు మనకి గుర్తు కూడా ఉండదు. ఈసారి లిస్ట్ రాసేముందు ఆ జూనియర్ పేరు కనుక్కోండి. అజరయ్య అయితే ముందు ఆ పేరే అడిగేవారు.