కీ. శే. యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమాఱులు తప్పి, మూఁడవమాఱు నెగ్గిరి. బడిపంతుళ్లమైన మేము ఈ సంగతిని దాఁచఁగోరము. గ్రహణివ్యాధి సోదరుని హరింపఁగా, దానికి మందు వెదకుట వారికి వ్రతమయ్యెను. 1923లో అమెరికా చేరిరి. 1945లో లెడర్లీ పరిశోధనాలయమున వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించెను; అది గ్రహణికి ఔషధమయ్యెను.

ఈ యామ్లము లేనిదే కణములు వృద్ధిఁ బొందవు. వడివడిగాఁ బెరుఁగు రక్తార్బుదకణములకు అది మఱింత యవసరము. కావున నా బృందమే అణువునందలి హైడ్రాక్సిల్ వర్గమును దొలఁగించి, అమైనోవర్గమును నిలిపెను. మాయలేడివంటి యీ అమైనోప్టెరినును కణము తన యాహారమని మ్రింగి, విభజన మొందలేక నశించును. బోస్టనునందు ఫార్బరు వైద్యుఁడు దీనిని శిశువుల కొసఁగి, 16గురిలో 10మందికి గుణము గనఁబడెనని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొలఁదికాలమే నిలిచెను. ఆ ఆగష్టుననే సుబ్బారావుగారు 53 ఏండ్ల ప్రాయమున న్యూయార్కునఁ గీర్తిశేషులైరి. మిథైల్ వర్గమును గూడఁ జేర్చి వారి బృందము చేసిన మెథొట్రెక్సేటు నేఁటికిని రోగుల కీయఁబడుచున్నది.