చాటు ముచ్చటను బజార్ల పెట్టిన కర్వే పంతులు

పదో తరగతిల ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిందంటే శాన బడులల్ల సారు గొంతు తగ్గుతది. ఇది మీరే సదువుకోండ్రి అని పేజీలు తిప్పేస్తడు. ఆడిపిల్లలు తల దించుకుంటరు, మొగపిల్లలు కిసకిస నవ్వుతరు. ఇంటికాడ అడిగితే వీపు పగులుతది. ఇగ మన పిల్లలకు పంతులెవరు? జేబుల ఫోను. దాంట్ల ఏం దొరుకుతదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

గీ చాటుతనం మీద వందేండ్ల కిందనే ఒక లెక్కల పంతులు ఒంటిగ కొట్లాడిండు. పేరు రఘునాథ్ ధోండో కర్వే. మన పక్క రాష్ట్రపాయినె. అంబేడ్కర్ ఫొటో ప్రతి ఊర్ల ఉంటది గని, ఆయన నల్లకోటు ఏసుకొని గీ కర్వే దిక్కు కోర్టుల వాదించిండన్న ముచ్చట మనల ఎంతమందికి ఎర్క? అందుకే తమ్మీ, చెల్లె, జెర ఓపిక పట్టి చదువుండ్రి.

రఘునాథ్ 1882 జనవరి 14న పుట్టిండు. కొంకణ్ దిక్కు మురుడ్ వాళ్ల ఊరు, బ్రాహ్మణ ఇల్లు. అవ్వ పేరు రాధాబాయి. 1891ల కాన్పు కష్టమయ్యి ఆమె పానం పోయింది. అప్పటికి పిలగానికి తొమ్మిదేండ్లు. ఆ కాలంల కాన్పుల ఆడోళ్లు చచ్చుడు ఇంటింటి కథనే. కర్మ అని ఏడ్చి ఊకునేటోళ్లు. ఎందుకు చచ్చింది, ఇన్ని కాన్పులెందుకు అని అడిగినోడు లేడు.

అయ్య ధోండో కేశవ్ కర్వే. ఆయన కూడ మామూలు మనిషి కాదు. 1893ల గోదుబాయి అనే విధవను పెండ్లి చేసుకున్నడు. దానికి సొంతూరోళ్లు ఆయనను వెలేసిండ్రు. అయినా ఎనుకకు తగ్గలే. ఆడపిల్లల సదువు కోసం బతుకంత పెట్టిండు, 1916ల ఆడోళ్ల కోసమే ఒక విశ్వవిద్యాలయం నిలబెట్టిండు. నూరేండ్లు నిండినంక 1958ల సర్కారు ఆయనకు భారతరత్న ఇచ్చింది. ఆడోళ్ల సదువు కోసం కొట్లాడిన అయ్యకు లోకం లేటుగనన్న దండం పెట్టింది. ఆడోళ్ల పెయ్యి గురించి మాట్లాడిన కొడుకును మాత్రం కోర్టుకు ఈడ్చింది.

రఘునాథ్ సదువుల ఫస్టు. 1899 మెట్రిక్ పరీక్షల మొదటి నంబరు ఆయనదే. పుణెల ఫెర్గుసన్ కాలేజీల డిగ్రీ చేసి, బొంబాయిల విల్సన్ కాలేజీల లెక్కల ప్రొఫెసర్ అయ్యిండు. పై సదువుకు పారిస్ పోయిండు. కడుపు ఎప్పుడు పండాల్నో, ఎప్పుడు వద్దో మనిషి తన చేతుల పెట్టుకోవచ్చు అన్న ముచ్చట అప్పుడప్పుడే యూరప్ల బయటికొస్తున్నది. కర్వే ఆ పుస్తకాలన్ని సదివిండు. మన దేశానికి గిది అన్నిటికంటె ముందు కావాలె అనుకున్నడు.

1921ల బొంబాయిల గర్భనిరోధక సలహా కేంద్రం తెరిచిండు. మన దేశంల గసొంటిది అదే మొదటిది. లండన్ల మేరీ స్టోప్స్ తన క్లినిక్ తెరిచింది కూడ గదే ఏడు. అంటె మనోడు తెల్లోళ్ల ఎనుక నడవలే, పక్కపక్కన నడిచిండు. అప్పటికి గోలీలు లేవు, కాపర్ టీ లేదు. రబ్బరుతోని చేసిన సాధనాలు ఒకటి రెండు, అంతే. వాటిని ఎట్ల వాడాల్నో సిగ్గులేకుంట చెప్పుడే ఆయన పని. దాంతోపాటు సుఖరోగాల గురించి, వాటి నుంచి పానం కాపాడుకునుడు గురించి కూడ చెప్పెటోడు.

మిషనరీల కాలేజీ అది. పంతులు గిట్లాంటి ముచ్చట్లు బయట మాట్లాడుడు వాళ్లకు నచ్చలే. నౌకరి ఇడువాల్సొచ్చింది. కర్వే నౌకరి ఇడిసిండు గని మాట ఇడువలే. సంసారం ఇరుకున పడ్డది. భార్య మాలతి ఆయనకు తోడు నిలబడ్డది. ఇద్దరు కావాల్ననే పిల్లల్ని వద్దనుకున్నరు. పిల్లలు లేని ఆడిదాన్ని ఆ కాలంల ఏమంటరో మీకెర్కనే. గొడ్రాలన్న మాట పడేది మొగోడు కాదు. ఆ మాటల బరువు మాలతి మోసింది. కర్వే కథ చెప్పేటోళ్లు శానమంది ఆమె పేరు మరుస్తరు, మనం మరువొద్దు.

1927 జులైల సమాజ్ స్వాస్థ్య అని మరాఠీల నెలనెల పత్రిక మొదలుపెట్టిండు. సచ్చేదాంక, 26 ఏండ్లు, దాన్ని నడిపిండు. చదివేటోళ్లు ఉత్తరాలు రాసి తమ బాధలు అడిగేటోళ్లు. ఎవ్వలికి చెప్పుకోలేని బాధలు. హస్తప్రయోగం చేస్తే నీరసమొస్తదా, మొగోడు మొగోడిని ఇష్టపడితే రోగమా, గిసొంటివి. కర్వే ఎవ్వలిని తిట్టకుంట, నవ్వకుంట, శాస్త్రం తెలిసిన కాడికి జవాబు రాసేటోడు. కడుపు వద్దనుకునే హక్కే కాదు, సంసార సుఖంల కూడ ఆడిదానికి సమాన హక్కున్నదని రాసిండు. అసలు మంట అంటుకున్నది గా మాట కాడనే.

కేసులు పడ్డయి. 1931ల అచ్చేసిన ఒక వ్యాసం అశ్లీలమని మొదటి కేసు. దాంట్ల నూరు రూపాయల జుర్మానా పడ్డది. 1934ల ఇంకో కేసు, ఈసారి ఉత్తరాలకు ఇచ్చిన జవాబుల మీద. అప్పుడు కర్వే తరఫున కోర్టుకు వచ్చింది బాబాసాహెబ్ అంబేడ్కర్. చదివేటోళ్లు అడిగిన దానికి జవాబియ్యుడు తప్పెట్లయితది, లైంగిక విషయం రాసినంత మాత్రాన అశ్లీలమెట్లయితది అని వాదించిండు. న్యాయమూర్తి ఒప్పుకోలే. రెండు వందల జుర్మానా పడ్డది. ఆనాటి రెండు వందలు చిన్న పైసలు కావు, అందుల నౌకరి లేని మనిషికి.

ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి. కర్వేకు ఎదురు నిలబడ్డోళ్లు ఛాందసులొక్కరే కాదు. గాంధీ సుత సాధనాలు వద్దనే అన్నడు, మనసును అదుపుల పెట్టుకునుడే దారి అని ఆయన నమ్మకం. 1935 డిసెంబర్ల అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి మాట్లాడినా ఆయన మారలే. అంబేడ్కర్ దారి వేరు. కాన్పు బరువు మోసేది ఆడిది, దాని మీద మాట కూడ ఆమెదే కావాలె అన్నది ఆయన లైను. 1938 నవంబర్ల ఆయన పార్టీ తరఫున పి.జె. రోహం బొంబాయి శాసనసభల సంతాన నియంత్రణ మీద తీర్మానం పెట్టిండు. సభ దాన్ని ఓడగొట్టింది.

1952ల దేశం కుటుంబ నియంత్రణ పథకం మొదలుపెట్టింది. మరుసటేడు, 1953 అక్టోబర్ 14న కర్వే కన్నుమూసిండు. ఆయన పత్రిక కూడ ఆయనతోనే పోయింది.

ఇప్పుడు అసలు ముచ్చట. కర్వే అడిగింది జ్ఞానం. సర్కారు తెచ్చింది టార్గెట్. ఎమర్జెన్సీల 1976ల పేదోళ్లను పట్టుకపోయి ఆపరేషన్లు చేసిండ్రు. ఆ తర్వాత మొగోళ్ల ఆపరేషన్ అంటే భయం పట్టుకొని, ఆ బరువంత ఆడోళ్ల మీద పడ్డది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడుండ్రి. పెండ్లయిన ఆడోళ్లల్ల నూటికి 38 మంది దాంక ఆపరేషన్ అయినోళ్లే. మొగోడు చేయించుకున్న ఇండ్లు నూటికి ఒకటి కూడ లేవు, 0.3 శాతమే. మన తెలంగాణల ఆడోళ్ల లెక్క 60 దాటింది. డాక్టర్లను అడుగుండ్రి, మొగోళ్ల ఆపరేషనే అలకగ అయితది, దాంట్ల ముప్పు కూడ తక్కువ. అయినా 2022 ఆగస్టుల ఇబ్రహీంపట్నంల ఒక్క రోజు 34 మంది తల్లులకు ఆపరేషన్లు చేస్తే నలుగురు సచ్చిపోయిండ్రు. వాళ్ల ఇండ్లల్ల ఎంతమంది భర్తలు, నేను చేయించుకుంటనని ముందటికి వచ్చి ఉంటరు?

గదే సర్వేల ఇంకో లెక్క. తెలంగాణల 20 నుంచి 24 ఏండ్ల ఆడపిల్లల్ల, నలుగురిల దగ్గర దగ్గర ఒకరికి 18 నిండకముందే పెండ్లయింది. ఆ పిల్లలకు పెండ్లి ముంగట పెయ్యి గురించి చెప్పినోళ్లెవరు? బడి చెప్పలే, ఇల్లు చెప్పలే. బడిల చెప్తమంటే సంస్కృతి పాడైతదని లొల్లి. 2007ల కర్వే పుట్టిన మహారాష్ట్రల్నే, ఇంక కొన్ని రాష్ట్రాలల్ల, బడులల్ల లైంగిక విద్యను ఆపేసిండ్రు. కర్వే కాలంల జుర్మానా ఏసిన బుద్ధే అది, అంగీ మార్చుకున్నది అంతే.

కర్వే లెక్కనే పత్రిక పెట్టుమని ఎవ్వలిని అడుగుత లేను. ఊర్ల ఆశా అక్క ఉంటది, ఆరోగ్య ఉపకేంద్రం ఉంటది. నిరోధ్, గోలీలు అక్కడ ఉత్తగనే ఇస్తరు. కొత్తగ పెండ్లయిన తమ్ముడు సిగ్గు పక్కకు పెట్టి ఒక్కపారి పోయి అడగాలె. ఇద్దరు పిల్లలైనంక ఆపరేషన్ మాట ఇంట్ల వస్తే, ఆమెకేనా, నాకెందుకు కాదు అని మొగోడే ముందుగల నోరు తెరువాలె. ఒక్క ఇంట్ల గీ మాట పుట్టినా ఒక తల్లి కడుపు మీద ఒక కోత తగ్గుతది.