పరమాణువుల నడకను గణించిన రహమాన్

ఘనపదార్థమునందు పరమాణువులు బారులు తీర్చిన బాలురవలె తమ తమ స్థానములయందు నిలిచియుండును. వాయువునందు అవి ఎడమెడముగ స్వేచ్ఛగా సంచరించును. ద్రవమునందు గుంపును కలదు, చలనమును కలదు. అందుచే ఘనవాయువులను గూర్చి చక్కని సిద్ధాంతములు ఏర్పడిన పిదపకూడ ద్రవము శాస్త్రజ్ఞులకు లొంగలేదు. ఈ చిక్కును కంప్యూటరు సాయమున విప్పిన వారిలో అగ్రగణ్యుడు అనీసుర్ రహమాన్.

ఆయన 1927 ఆగష్టు 24వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు గణిత భౌతికశాస్త్రములను అభ్యసించి, బెల్జియం దేశమందలి లూవేన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. 1960లో అమెరికాలో చికాగో నగర సమీపముననున్న ఆర్గాన్ జాతీయ పరిశోధనాలయమున చేరెను. ఆ పరిశోధనాలయపు పేరునకును, ఆర్గాన్ వాయువు పేరునకును సంబంధము లేదు. అయినను రహమాన్ కీర్తికి మూలమైనది ఆ వాయువే.

ద్రవరూపముననున్న ఆర్గాన్ పరమాణువులు మిక్కిలి చేరువైనచో ఒకదానినొకటి త్రోసికొనును. కొంత ఎడమైనచో ఆకర్షించుకొనును. ఈ బలమును తెలుపు సూత్రము అదివరకే కలదు. రహమాన్ 864 పరమాణువులను ఒక ఊహాపేటికయందుంచెను. ప్రతిదానిపై చుట్టునున్నవి చూపు బలమును లెక్కించి, న్యూటను చలనసూత్రముల ననుసరించి మరుక్షణమున అది ఎచ్చట నుండునో సి.డి.సి. 3600 అను యంత్రముచే గణింపజేసెను. ఆ క్షణము సెకనులో కోటికోట్లవ వంతు. పేటిక గోడను దాటిన పరమాణువు ఎదుటి గోడనుండి మరల లోనికి వచ్చునట్లు ఏర్పరచుటచే ఆ పేటికకు అంచులే లేకపోయెను.

ఒక్క బొట్టులో లెక్కకందని పరమాణువులుండగా, 864 వానికి ప్రతినిధులు కాగలవా? యంత్రము చూపునది ప్రకృతియా, కల్పనయా? ఈ సందేహమునకు రహమాన్ కొలతతో బదులు చెప్పెను. లెక్కలో తేలిన పరమాణువుల అమరికను ఎక్స్‌రే ప్రయోగములు చూపిన అమరికతోను, అవి ద్రవమున వ్యాపించు తీరును ప్రయోగశాలలోని కొలతలతోను పోల్చి చూచెను. అవి చక్కగ సరిపోయెను. ఆయనకు ముందే ఆల్డర్, వెయిన్‌రైట్ అనువారు గట్టి గోళములవంటి కణములతో ఇట్టి గణనము చేసియుండిరి. నిజమైన ద్రవముతో పోల్చి నిగ్గుతేల్చిన ఘనత 1964లో వెలువడిన రహమాన్ వ్యాసమునకు దక్కెను.

1971లో ఆయన స్టిల్లింజరుతో కలిసి 216 నీటి అణువుల చలనమును గణించెను. నిత్యము మనము త్రాగు నీరు ఆర్గానుకంటె ఎంతో జటిలమైనది. అటుపిమ్మట 1980 ప్రాంతమున ఇటలీ దేశీయుడైన పారినెల్లోతో కలిసి, పేటికయే తన ఆకారమును మార్చుకొనగల పద్ధతిని కల్పించెను. ఒత్తిడికి లోనైన స్ఫటికము ఒక రూపమునుండి వేరొక రూపమునకు మారుటను లెక్కలోనే కనుగొనుటకు దీనిచే వీలు కలిగెను.

1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రహమాన్, 1987 జూన్ 6వ తేదీన, అరువదేండ్లు నిండకమునుపే కన్నుమూసెను. గణన భౌతికశాస్త్రమున విశేషకృషి చేసినవారికి అమెరికా భౌతికశాస్త్ర సంఘము ఆయన పేరిట 1993 నుండి బహుమానము నిచ్చుచున్నది. లోహము ఎట్లు విరుగును, ఔషధము మాంసకృత్తునందు ఎట్లు ఇముడును అను ప్రశ్నలకు నేడు శాస్త్రజ్ఞులు ఈ మార్గముననే సమాధానములు వెదకుచున్నారు. యంత్రము ఎంత పెద్దదైనను దాని ఫలితమును ప్రకృతితో సరిచూచుకొనవలెనను రహమాన్ నియమము మాత్రము మారలేదు. లెక్క చేయు ప్రతి విద్యార్థియు అలవరచుకొనదగిన నియమమది.