వంటగదిలో దేవుణ్ణి చూసిన లారెన్స్

వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు రాయడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక రాజునో, నాయకుణ్ణో తీసుకోలేదు. గిన్నెల మధ్య 15 ఏళ్లు గడిపిన ఒక వంటవాణ్ణి ఎంచుకున్నాము. ఆయనే సహోదరుడు లారెన్స్.

ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. సుమారు 1614లో, నేటి ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతంలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. పెద్ద చదువులు చదవలేదు. 18 ఏళ్ల వయసులో ఒక చలికాలం ఆకులన్నీ రాలిపోయిన చెట్టును చూశాడు. కొద్ది రోజుల్లో దీనికి మళ్లీ ఆకులు, పూలు, కాయలు వస్తాయి కదా అనుకున్నాడు. ఎండిన మానును చిగురింపజేసే దేవుని మీద ఆ క్షణంలో ఆయనకు ప్రేమ పుట్టింది. అది జీవితాంతం తగ్గలేదు.

తరువాత సైన్యంలో చేరి, యుద్ధంలో కాలికి గాయమై కుంటివాడయ్యాడు. కొంతకాలం ఒక పెద్దమనిషి ఇంట్లో సేవకుడిగా ఉన్నాడు. చేతికిచ్చిన వస్తువల్లా పగలగొట్టే మొరటు మనిషినని తన గురించి తానే చెప్పుకునేవాడు. 1640లో పారిస్ నగరంలోని కార్మెలైట్ మఠంలో చేరాడు. చదువు లేనందున గురువు కాలేదు, పనులు చేసే సహోదరుడిగా ఉండిపోయాడు. ఆయనకు అప్పగించిన పని వంట.

ఇక్కడే మేము ఆగి ఆలోచించాము. లారెన్స్‌కు వంట పని స్వతహాగా ఇష్టం లేదు. అయినా దేవుని మీద ప్రేమతో ఆ పని చేయడం అలవాటు చేసుకున్నాడు. పని మొదలుపెట్టే ముందు చిన్న ప్రార్థన, పని మధ్యలో మనసులో ఒక మాట, పని ముగిశాక కృతజ్ఞత. ఇంతే ఆయన సాధన. ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు అని ఆయన అనుకోలేదు. నేల మీద పడిన గడ్డిపరకను తీసినా దేవుని కోసమే తీసేవాడు.

ఇదంతా సులువుగా రాలేదు. తనకు రక్షణ లేదేమోనన్న భయంతో 4 ఏళ్లు నలిగిపోయాడు. తప్పు చేసినప్పుడు దాచుకోలేదు, దాన్నే తలచుకుని కుంగిపోనూ లేదు. దేవుని ముందు ఒప్పుకుని మళ్లీ పనిలో పడేవాడు. ఓర్పు, దీనత్వం, ప్రేమ ఆయనలో ఇలా రోజుకింత పెరిగాయి. కాలి నొప్పి ఎక్కువయ్యాక వంటగది వదిలి చెప్పులు కుట్టే పనికి మారాడు. అక్కడా అదే మనసుతో ఉన్నాడు. ఎందరో ఆయన దగ్గరికి సలహా కోసం వచ్చేవారు. 1691 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. ఆయన మాటలను, ఉత్తరాలను జోసెఫ్ ద బొఫోర్ అనే గురువు పుస్తకంగా తెచ్చాడు. కార్మెలైట్లు కానివారు, ఇతర సంఘాలవారు కూడా నేటికీ దాన్ని చదువుతున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వంట, చెప్పులు కుట్టడం, ఊడ్చడం మన తాత ముత్తాతలు కోరి ఎంచుకున్నవి కావు. పుట్టుకను బట్టి వారి మీద మోపారు. లారెన్స్ కథ చెప్పి, దొరికిన పనితో తృప్తిపడి ఉండిపొమ్మని మేము అనడం లేదు. మనం చదవాలి, పైకి రావాలి. అయితే ఏ పనీ మనిషిని తక్కువ చేయదు, మనిషిని తక్కువగా చూసే చూపే తప్పు. చెప్పులు కుట్టే చేతులు కూడా దేవుని ముందు గౌరవంగా చాపవచ్చని ఈ జీవితం చూపుతుంది.

మాలో కొందరు క్రైస్తవులు, కొందరు కారు. అయినా ఈ పాఠం అందరికీ పనికొస్తుంది. ఆదివారం ఒక్క గంట భక్తితో ఉండి, సోమవారం కుళాయి దగ్గర తోసుకుంటే ప్రయోజనం లేదు. చిన్న తరగతి తమ్ముడికి లెక్క చెప్పేటప్పుడు విసుక్కోకపోవడం, మన పళ్లెం మనమే శుభ్రంగా కడగడం, కోపంలో అన్న మాటకు రాత్రి పడుకోకముందే క్షమాపణ అడగడం కూడా సాధనే.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, ఈ ఏడాది చేరిన తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. ఈ రోజు భోజనాల వరుసలో నిలబడినప్పుడు, మనకోసం తెల్లవారుజామునే పొయ్యి వెలిగించినవారిని ప్రేమగా పలకరిద్దాం. మనం నేర్చుకున్నది అక్కడినుంచే మొదలుపెడదాం.