పరుగు పుస్తకం రాసిన జిమ్ ఫిక్స్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేనేమీ డాక్టరును కాను గదా అని తప్పించుకోబోయాను. అయితే ఒక మనిషి జీవితం గురించి మాత్రం రాయగలననిపించింది. ఆయన అమెరికావాడు. చనిపోయి నలభై ఏండ్లు దాటింది. పేరు జేమ్స్ ఫిక్స్, లోకానికి జిమ్ ఫిక్స్. నారాయణఖేడ్‌లో ఈ వయసులో నన్ను పరుగు పెట్టించిందీ ఆయనే, కొన్నాళ్లు ఆపించిందీ ఆయనే.

2011లో యాభై ఎనిమిది నిండి నేను రిటైరైనప్పుడు నా బరువు 84 కిలోలు. ముప్పై మూడేండ్లు ఫైళ్ల ముందు కూర్చున్నందుకు సర్కారు ఇచ్చిన పెన్షన్‌తో పాటు షుగరు కూడా వచ్చింది. పెన్షన్ కాగితాల కోసం హైదరాబాదు పోయి, పని తెమలక అక్కడే ఆగిపోయిన ఒక ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్నాను. ఎర్రటి అట్ట మీద పరుగెత్తుతున్న రెండు కాళ్లు కనబడ్డాయి. మొహం లేదు, కాళ్లే. నలభై రూపాయలకు ఇచ్చాడు. ఆ కాళ్లు పుస్తకం రాసిన ఫిక్స్‌వేనని తర్వాత తెలిసింది. అదే 1977లో వచ్చిన ది కంప్లీట్ బుక్ ఆఫ్ రన్నింగ్. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను.

ఫిక్స్ 1932 ఏప్రిల్ 23న న్యూయార్కులో పుట్టాడు. తండ్రి కాల్విన్ టైమ్ పత్రికలో పనిచేసేవాడు. ఆ తండ్రికి ముప్పై అయిదో ఏట గుండెపోటు వచ్చింది, నలభై మూడో ఏట ప్రాణమే పోయింది. ఈ రెండు అంకెలు పాఠకులు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. కొడుకు కూడా పత్రికల్లో సంపాదకుడిగానే కుదురుకున్నాడు. తెలివిగల వాళ్లకు పొడుపు లెక్కల పుస్తకాలు కూడా వేశాడు. మనలాగే కుర్చీ ఉద్యోగం. 1967 నాటికి ఆయన బరువు దాదాపు 109 కిలోలు, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు. వయసు సరిగ్గా ముప్పై అయిదు.

అయితే తండ్రిని తలుచుకుని భయపడి ఆయన పరుగు మొదలుపెట్టలేదట. టెన్నిస్ ఆడుతుంటే పిక్క కండరం దెబ్బతిన్నది. ఆ కాలికి బలం రావాలని మెల్లమెల్లగా పరుగెత్తడం మొదలుపెట్టాడు. అది అలవాటైంది. సిగరెట్ పోయింది. పదేండ్లలో 27 కిలోలు తగ్గాడు. అప్పుడు అమెరికాలో కూడా రోడ్డు మీద పరుగెత్తే పెద్దమనిషి అంటే వింతే. 1968లో డాక్టర్ కెన్నెత్ కూపర్ రాసిన ఏరోబిక్స్ పుస్తకం, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంక్ షార్టర్ గెలిచిన మారథాన్ స్వర్ణం జనాన్ని కదిలించాయి. ఆ ఊపు మీద ఫిక్స్ పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అంతకుముందు లావుగా ఉన్న మామూలు మనిషి రాశాడు గనుకనే జనం నమ్మారని నా అభిప్రాయం. నేను నమ్మింది కూడా అందుకే.

కాన్వాసు బూట్లు కొన్నాను. తెల్లవారకముందే బీదర్ రోడ్డు పట్టుకునేవాడిని. మొదటి వారం రెండు కరెంటు స్తంభాల మధ్య పరుగు, మరో నాలుగు స్తంభాలు నడక. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తాలని జాగింగ్ నేర్పేవాళ్ల సూత్రం. నాకు పక్కవాడు లేడు, కుక్కలే. జొన్నచేలకు పోయేవాళ్లు ఏమైంది సారూ, ఎవరికన్నా బాగలేదా అని అడిగేవారు. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను.

ఆ దసరాకు అల్లుడు వచ్చి, ఎర్ర పుస్తకం చూసి, ఈయన పరుగెత్తుతూనే పోయాడు గదా మామయ్యా అన్నాడు. మా ఇంటావిడ చెవిన ఆ మాట పడింది. మర్నాడు నా బూట్లు కనబడలేదు. జొన్నల గుమ్మిలో దొరికాయి.

అల్లుడి చేత వివరాలన్నీ తెప్పించుకుని చదివాను. 1984 జులై 20న వెర్మాంట్ రాష్ట్రంలోని హార్డ్‌విక్ అనే ఊళ్లో, రోజువారీ పరుగులో ఉండగానే ఫిక్స్ గుండె ఆగిపోయింది. ఆయన వయసు యాభై రెండు. శవపరీక్షలో ఒక గుండె రక్తనాళం 95 శాతం, రెండోది 85, మూడోది 70 శాతం పూడుకుపోయినట్టు తేలింది. పరుగు గిట్టనివాళ్లకు పండగైంది. చూశారా అని పత్రికల్లో ఎగతాళి చేశారు.

నన్ను కుదిపింది మరో సంగతి. చనిపోవడానికి కొన్ని నెలల ముందు ఫిక్స్ డల్లాస్‌లోని కూపర్ క్లినిక్‌కు పోయాడు. ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష చేయించుకొమ్మంటే వద్దన్నాడు. పరుగు మీద అంత పెద్ద పుస్తకం రాసినవాడు, తండ్రి ఎట్లా పోయాడో తెలిసినవాడు! తర్వాత కూపర్ ఈ మరణం మీద ఒక పుస్తకమే రాశాడు. తండ్రి నుంచి వచ్చిన గుణం, ముప్పై అయిదేండ్ల దాకా మోసిన బరువు, సిగరెట్లు చేసిన చెరుపును పరుగు పూర్తిగా తుడిచెయ్యలేదు. అట్లాగని పరుగే చంపిందనడం కూడా న్యాయం కాదు. తండ్రి కంటే తొమ్మిదేండ్లు ఎక్కువ బతికాడు. పరుగు లేకపోతే అన్నేండ్లు బతికేవాడా అనేది ఎవరూ తేల్చలేరు.

ఇక్కడ నా సంగతి ఒప్పుకోవాలి. మా నాయన నలభై ఆరో ఏట నాగలి పట్టుకునే కుప్పకూలాడు. ఆ దసరాకు ముందు ఇరవై రోజుల నుంచి, ఎత్తు ఎక్కేటప్పుడు నా రొమ్ములో బిగపట్టినట్టు అయ్యేది. గ్యాస్ అనుకుని మాత్ర మింగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు, చెబితే పరుగు మానిపిస్తారని. ఫిక్స్ ఎందుకు వద్దన్నాడో నాకు తెలియదు గాని, నేను ఎందుకు దాచానో నాకు తెలుసు. బాగుపడ్డానని నలుగురికీ చెప్పుకున్నవాడికి, ఇంకా రోగం ఉందేమోనని వెళ్లి అడగడం నామోషీ.

ఆ రాత్రే ఇంటావిడతో చెప్పాను. ఆమె తిట్టలేదు, తెల్లవారి మొదటి బస్సుకు తయారైంది. హైదరాబాదులో పరీక్ష ఆరో నిమిషంలోనే ఆపేశారు. ఒక నాళం బాగా పూడింది. స్టెంట్ వేశారు. మూడు నెలలు నడక మాత్రమే, ఆ తర్వాత డాక్టరు అనుమతితో మళ్లీ స్తంభాల లెక్క మొదలుపెట్టాను. ఇప్పుడు నడకే ఎక్కువ, పరుగు కొద్దిగా. బరువు 71.

ఎర్ర పుస్తకాన్ని మన సంఘం గదిలోని బీరువాలో పెట్టాను. ఫిక్స్ చనిపోయిన తేదీని, ఆ మూడు శాతాలను తెలుగులో రాసి లోపలి అట్టకు అంటించాను. తీసుకుపోయేవారు రిజిస్టరులో సంతకం చేయగలరు. అట్ట ఊడుతున్నది, కాస్త జాగ్రత్త.