వారానికొక్క మాత్ర వెనక యల్లాప్రగడ

పామూరు, కనిగిరి వైపు కీళ్లు పట్టేశాయంటే ముందు అనుమానం నీళ్ల మీదికే పోతుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతం కాబట్టి అందులో తప్పులేదు. కానీ పొద్దున్నే లేచేసరికి వేళ్ల కణుపులు వాచి, గంట గడిచినా పిడికిలి బిగుసుకోకపోతే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. పరీక్షలు చేసి అదేనని తేలితే డాక్టరు చాలామందికి ముందుగా రాసిచ్చేది మెథోట్రెక్సేట్. ఆ చిన్న పసుపు మాత్ర మీ ఇంట్లో ఉంటే దాని వెనకున్న తెలుగువాడి గురించి కూడా తెలుసుకోండి. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి శుష్కించిపోయే జబ్బది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయన ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసరుకు గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్‌ బదులు దానికన్నా తక్కువైన ఎల్ఎంఎస్‌తో బయటికి రావాల్సి వచ్చింది. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో, దాతల సొమ్ముతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో అడుగుపెట్టారు.

ఆయన అక్కడ చేసిన పని అర్థం కావాలంటే ప్రొటీన్ల గురించి కొంచెం చెప్పుకోవాలి. ప్రొటీన్ అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తొస్తాయి. ఒంట్లో పనిచేసే ప్రొటీన్ మాత్రం అమైనో ఆమ్లాలనే పూసలు దండగా కూడి, ఆ దండ మడతలు పడితే వచ్చిన ఒక ఆకారం. ఆ ఆకారం రాయిలా ఉండిపోదు. పని చేసిన ప్రతిసారీ కాస్త వంగుతుంది, విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది. కండలోని మయోసిన్‌నే చూడండి. దాని తల పక్కనున్న పోగును పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. మీరు బిందె ఎత్తినా, గుండె కొట్టుకున్నా లోపల జరిగేది ఇదే. ఆ తల పట్టు వదలాలంటే ఏటీపీ అనే పదార్థం వచ్చి దానికి అతుక్కోవాలి. ప్రాణం పోయాక శరీరం కట్టెలా బిగుసుకుపోవడానికి కారణం కూడా ఏటీపీ అయిపోయి మయోసిన్ పట్టు వదలలేకపోవడమే.

ఆ ఏటీపీని 1929లో కండలోంచి వేరుచేసి చూపింది ఫిస్క్, సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఈ ఇద్దరూ ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టి, కండ శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి నమ్మకాన్ని కదిలించారు. ఏటీపీ పాఠాన్ని మన పిల్లలు బడిలోనే చదువుతారు. ఈయన పేరు మాత్రం వాళ్లలో ఎందరికి తెలుసో!

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూలో మనిషికి కొరవడే విటమిన్లలో ఇదొకటి.

కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని వాడుకునే రూపంలోకి మార్చే ప్రొటీన్‌కు ఒక గుంట ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ అందులోకి వస్తే ప్రొటీన్ దాని చుట్టూ సర్దుకుని, పని ముగించి వదిలేస్తుంది. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌కు ఒకచోట చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్‌ను, మరికాస్త మార్చి మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. ఇవి గుంటలో కూర్చుంటే ఒక పట్టాన లేవవు. తాళంలో వేరే తాళంచెవి ఇరుక్కుపోయినట్టు ప్రొటీన్ పని ఆగిపోతుంది. మందు పట్టుకునేది ఈ ప్రొటీన్‌నేనని 1950ల చివరిగ్గానీ తేలలేదు.

బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వెలువడిన ఆ ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. కొద్ది నెలలే కావచ్చు, కానీ అప్పటిదాకా ఆ తల్లిదండ్రులకు చూపడానికి డాక్టర్ల దగ్గర ఏమీ లేదు. మందుకు లొంగని క్యాన్సర్ కణాలు ఆ ప్రొటీన్‌ను మరీ ఎక్కువగా తయారుచేసుకుంటాయనీ, కొన్ని దాని గుంట ఆకారాన్నే మార్చుకుంటాయనీ తర్వాత తెలిసింది. ఫలితాలొచ్చిన రెండు నెలలకే, ఆ ఆగస్టులో సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు. మళ్లీ స్వదేశం చూడలేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు.

ఇక మీ ఇంట్లోని మాత్ర సంగతి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. మిగతా మందుల్లాగే అనుకుని రోజూ మింగితే ఎముక మజ్జలో రక్తం తయారవడం ఆగి ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారమో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. పెద్దవాళ్లకు మీరే తీసివ్వండి. నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసం కనిపిస్తే తర్వాతి మోతాదు వేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా వినపడే పశ్చిమ ప్రకాశంలో క్రియాటినిన్, రక్తకణాలు, కాలేయ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించుకోవాల్సిందే. మద్యం వద్దు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. దాంతోపాటు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రను అనవసరమని మానేయకండి, డాక్టరు చెప్పిన రోజున వేసుకోండి.

మూత్రంలో మంటకో, దగ్గుకో దుకాణంలో అడిగి తెచ్చుకునే కోట్రైమాక్సజోల్‌తో మాత్రం మరీ జాగ్రత్త. అందులోని ట్రైమెథోప్రిమ్ సూక్ష్మక్రిముల్లో ఉండే ఇదే రకం ప్రొటీన్‌ను పట్టుకునే మందు. మెథోట్రెక్సేట్ వాడేవారు దాన్ని కలిపి వేసుకుంటే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.